పార్సిల్‌కి లొంగని సరుకు ఇంకా షాపులోనే ఉంది

థ్రిఫ్ట్ స్టోర్లలో, అంటే విరాళంగా వచ్చిన పాత సామాన్లు చవగ్గా అమ్మే షాపుల్లో, మంచి బ్రాండు జాకెట్లు ఇదివరకటిలా దొరకట్లేదన్నది నిజమే. విరాళంగా వచ్చిన మూటలు విప్పే గదిలోనే వాటిని ఏరి ఆన్‌లైన్ అమ్మకానికి పక్కన పెట్టేస్తున్నారు. ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. అమెరికాలో ఇలాంటి షాపులు నడిపే గుడ్‌విల్ సంస్థ వేలం సైటు 1999 నుంచే నడుస్తోంది. 2017లో ఫొటోను బట్టి వస్తువును వెతికిపెట్టే గూగుల్ లెన్స్ వచ్చాక వస్తువును గుర్తుపట్టడానికి అనుభవం కూడా అక్కర్లేకుండా పోయింది, ఫొటో తీస్తే చాలు.

దాంతో షాపులో ట్యాగు మీది ధర కూడా ఆన్‌లైన్ ధరను చూసి వేస్తున్నారు. చిక్కల్లా ఎక్కడంటే, చాలాసార్లు షాపువాళ్లు చూసేది అమ్మేవాళ్లు అడుగుతున్న ధర. అడిగినంత మాత్రాన ఎవరూ కొనరు కదా! ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ (అమ్ముడైనవి) ఫిల్టర్ పెడితే నిజంగా ఎంతకు పోయిందో కనిపిస్తుంది. అందులోంచి కమిషన్, ప్యాకింగ్, రవాణా తీసేస్తే అమ్మినవాళ్ల చేతికి వచ్చేది తేలుతుంది. మిగిలినదానికన్నా ట్యాగు ధర ఎక్కువుంటే అక్కడే వదిలేయండి.

మరి షాపులో ఏం మిగులుతోంది? పంపడానికి గిట్టుబాటు కానివి. కొరియర్ వాళ్లు అసలు బరువుతో పాటు పెట్టె సైజును బట్టి వచ్చే బరువు కూడా లెక్కేసి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. చాలా సంస్థల లెక్క ప్రకారం పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించాలి. ఒక ల్యాంప్ షేడ్‌కి 40×40×35 పెట్టె కావాలనుకోండి, 11.2 కిలోలు తేలుతుంది. షేడ్ బరువు కిలో కూడా ఉండదు! అందుకే ల్యాంప్ షేడ్లు, పెద్ద అద్దాలు, గాజు సెట్లు, టేబుళ్లు రీసెల్లర్లు (షాపుల్లో కొని ఆన్‌లైన్‌లో తిరిగి అమ్ముకునేవాళ్లు) అంతగా ముట్టుకోరు. పోత ఇనుప పెనాలదీ అదే కథ, వాటికి అసలు బరువే అడ్డం. పెనాన్ని పిడి పట్టుకుని వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో పగులు ఉండొచ్చు.

పుస్తకాల్లో పాతవి చూడండి. రీసెల్లర్లు ఎక్కువగా బార్‌కోడ్ స్కాన్ చేసుకుంటూ పోతారు. పుస్తకాన్ని గుర్తించే నంబరు ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణం అయిందే 1970లో. అంతకుముందు అచ్చయినవాటికి స్కానర్ పనిచేయదు, ఒక్కొక్కటీ తీసి చూసే ఓపిక అందరికీ ఉండదు.

రీసెల్లర్లనే తిట్టడం నాకు సరిగ్గా అనిపించదు, చెత్తకు పోయే సరుకును కూడా వాళ్లు నిలబెడుతున్నారు. కానీ చలికోట్లు, పిల్లల బూట్లు, స్కూలు బట్టల ధరలు మాత్రం ఆన్‌లైన్‌తో ముడిపెట్టకూడదు. వాటికోసం వచ్చేవాళ్లకు ఇంకో షాపు ఉండదు.

బట్టల్లో చిన్న రిపేరున్నవి వెతకండి. కొన్నవాళ్లు తిరిగి పంపేస్తారన్న భయంతో రీసెల్లర్లు వాటిని వదిలేస్తారు. గుండీ ఊడడం లెక్కలోకి రాదు. జిప్ బిగుసుకుంటే పళ్ల మీద పెన్సిల్ ములుకు రుద్దితే జారుతుంది. రన్నర్ (జిప్ మీద పైకీ కిందకీ జరిపే ముక్క) వెళ్లాక వెనకాల జిప్ విడిపోతుంటే, రన్నర్ దవడలు వదులైనట్టు. పటకారుతో రెండు పక్కలా కొద్దికొద్దిగా నొక్కాలి. ఒక్కసారిగా నొక్కితే విరుగుతుంది. పన్నే ఊడిపోయి ఉంటే మాత్రం జిప్ మొత్తం మార్పించాలి, ఆ ఖర్చు కూడా కలుపుకుని బేరం చూసుకోండి.