నెల రోజులు రాజులతో, మాయాలోకాలతో

ఈ నెలంతా చదివేది ఫాంటసీ, చారిత్రక నవలలే. రెండూ ఒకే రోజు పట్టుకోకూడదు, పేర్లు కలగాపులగం అయిపోతాయి. ఫాంటసీకి మొదటి 50 పేజీలే గండం. ఊళ్లు, వంశాలు ఒక కాగితం మీద రాసుకుంటే దాటేయొచ్చు.

చారిత్రక నవలలో నేను ముందు చూసేది వంటిల్లు. కాకతీయుల కాలం కథలో ఎండుమిరపకాయలు కనిపిస్తే రచయిత జారినట్టే. మిరప మన దేశానికొచ్చింది 1498 తర్వాత, పోర్చుగీసు వాళ్లతో. అంతకుముందు ఘాటంతా మిరియాలు, పిప్పళ్లదే.

విజయనగరం కథలకి మన తిరుపతి వాళ్లకో అదృష్టముంది. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడాక రాజధాని పెనుకొండకి, ఆపైన మన పక్కనున్న చంద్రగిరికి మారింది. చివరి అధ్యాయాలు మిగిలుండగానే కోటకెళ్లి రాజమహల్ చూసి రండి. తిరుమల గుడిలో దేవేరులిద్దరితో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయలవారి విగ్రహాన్నీ ఈసారి ఆగి చూడండి.