తాత పేరు లేని రిజిస్టర్

మా తాత చనిపోయినట్టు ఒక్క కాగితం కోసం మూడు నెలలుగా తిరుగుతున్నా. 1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటిన ఆ రాత్రి, ఆయన ఎక్కిన బోటు సముద్రంలోనే ఉంది. బోటూ రాలేదు, మనుషులూ రాలేదు.

రిజిస్టర్లో ఆ నెల పేజీలన్నీ తిరగేశా. ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్ల పేర్లున్నాయి. తాత పేరు లేదు. శవం దొరక్కపోతే ఎవరు రాస్తారు? "బాడీ ఏదండీ?" అని గుమస్తా నన్నే అడిగాడు, ఇన్నేళ్ల తర్వాత!

ఏడేళ్లు ఆచూకీ లేకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చని పాత సాక్ష్యాధారాల చట్టం 108వ సెక్షన్ చెప్పేది. ఏ రోజు పోయాడన్నది మాత్రం చట్టం తేల్చదు, అది మనమే రుజువు చేసుకోవాలి. ఆ రోజుల్లో మామ్మకి ఇవన్నీ చెప్పిందెవరు గనక.

రాత్రి మామ్మని అడిగా, తద్దినం ఏ తిథికి పెడుతున్నామని.

"వేటకెళ్లిన రోజుకేరా."

"తుపాను రోజుకి కాదా?"

"ఆ రోజే పోయాడని నువ్వు చూశావా?" అంది.