మీ నాన్నది ఏ లైన్?

పోయిన మంగళవారం ట్యూషన్‌లో "డ్రాప్ మీ ఎ లైన్" అన్న వాక్యానికి అర్థం రాయమన్నాను. ఏడో తరగతి గుంటడు ఒకడు ఏం రాశాడో తెలుసా? "నన్ను లైన్ దగ్గర దింపెయ్." మిగతా పిల్లలకి అందులో తప్పేమిటో అర్థం కాలేదు. పర్లాకిమిడిలో ఆటో ఎక్కినవాళ్లు అనే మాటే కదా అది. మా వీధి చివర నిలబడితే రైలు పట్టాలు కనబడతాయి. మాకు లైన్ అంటే ముందు అదే, తరవాతే ఇంకేదైనా.

"నాకో ఉత్తరం ముక్క రాయి అని దాని అర్థం" అన్నాను. "ఉత్తరం ఎక్కడుంది టీచర్ అందులో?" అన్నాడు. నిజమే, ఎక్కడుంది?

నవ్వొచ్చింది గానీ మింగేశాను. ఎందుకంటే ముప్పై ఏళ్ల కిందట ఇదే లైన్ మీద నేనూ బోల్తా పడ్డాను.

1994లో బరంపురంలో ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో ఆయన నా సర్టిఫికెట్లు తిరగేస్తూ, తలెత్తకుండానే "వాట్ లైన్ ఈజ్ యువర్ ఫాదర్ ఇన్?" అని అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. జవాబు తెలిసిన మొదటి ప్రశ్న అది! "నౌపడ–గుణుపురం లైన్ సార్. న్యారో గేజ్" అన్నాను గట్టిగా. ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. చివర కూర్చున్నాయన జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మీ నాన్న ఏం పని చేస్తారని వాళ్లు అడిగారన్న సంగతి బస్సు సగం దూరం వచ్చాక వెలిగింది నాకు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే నాన్న అన్నం కలుపుకుంటూ, "మరి తప్పేటుంది? ఆ లైనే కదా. గేజు కూడా చెప్పేవు, మంచిదే" అన్నారు.

నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్, బండి ఏ పట్టాల మీదకి మళ్లాలో అటు మార్చే మనిషి. ఆ లైన్ పర్లాకిమిడి రాజావారు వేయించింది. 1900లో నౌపడ నుంచి మా ఊరికి మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది, 2011కల్లా గుణుపురం దాకా పెద్ద పట్టాలొచ్చాయి. ఇంగ్లీషులో "ఎండ్ ఆఫ్ ద లైన్" అంటే ఇక కథ ముగిసిందని. మాకు మాత్రం గుణుపురం. అక్కడ దిగి టీ తాగి, అదే బండిలో వెనక్కి రావొచ్చు.

ఆ లైన్ మీదకి రాకముందు నాన్న కొన్నాళ్లు నౌపడలో మెయిన్ లైన్ మీద పనిచేశారు. అక్కడ ఒక స్టేషన్ నుంచి బండి వదలాలంటే ముందు స్టేషన్‌ని అడగాలి, దారి ఖాళీగా ఉందా అని. వాళ్లు ఉందంటే అది లైన్ క్లియర్. ఆ మాట నాన్నతోపాటు మా ఇంట్లోకీ వచ్చేసింది. సినిమాకి వెళ్తామని అడిగితే "మీ అమ్మ లైన్ క్లియర్ ఇచ్చిందేటి?" అనేవారు. అక్క పెళ్లి సంబంధం వాళ్ల కబురు ఆలస్యమైతే "ఇంకా అవతల స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రాలేదు" అనేవారు వచ్చినవాళ్లతో. ఇప్పుడు జనం లైన్ క్లియర్ అయిందంటే అడ్డం తొలగిందని అనుకుంటారు. నాన్న లెక్కలో మాత్రం ఒకళ్లు అడగాలి, ఇంకొకళ్లు ఇవ్వాలి. వాళ్లంతట వాళ్లు క్లియర్ అనేసుకుంటే బళ్లు గుద్దుకుంటాయి.

అసలు లైన్ అన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు కళ్లకి కట్టినట్టు కనబడింది మాత్రం మా పెరటి గోడ దగ్గర. వానలకి గోడ పడిపోతే పాతపట్నం నుంచి తాపీమేస్త్రీ వచ్చాడు. పాతపట్నం అంటే ఆంధ్రా, మాది ఒడిశా. సైకిల్ మీద రాష్ట్రం దాటి వచ్చి టీ టైముకి ముందే పనిలో దిగే మనిషి. రెండు చివరలా రెండు మేకులు కొట్టి, మధ్య దారం బిగించి కట్టాడు. వేలితో మీటాడు. టంగుమంది. "లైనేసీసేనమ్మా" అన్నాడు. అరుగు మీద కూర్చున్న తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్ల భాషలో లైన్ వేయడం అంటే బస్టాండు దగ్గర కుర్రాళ్లు చేసే పని! మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు, పాపం. "ఇటిక దారానికి తగలకూడదమ్మా, వెంట్రుకంత ఎడం ఉండాల. తగిల్తే దారం జరుగుద్ది, గోడ పొట్టొచ్చీద్ది" అని నాకు చెప్పి ఇటిక పేర్చాడు.

ఇంగ్లీషు లైన్ అచ్చంగా ఆ దారమే. లాటిన్‌లో లీనుం అంటే అవిసె మొక్క. జుట్టుకి మంచిదనీ, కొలెస్ట్రాల్‌కి మంచిదనీ ఇప్పుడందరూ నానబెట్టుకునే అవిసె గింజలు దానివే. దాని నారతో పేనిన దారం లీనియా. ఆ దారం బిగించి లాగితే వచ్చే గీత లైన్. ఆ గీతలా సాగిపోయేవన్నీ, పట్టాలూ తీగలూ మనుషుల బారులూ వంశాలూ పుస్తకంలో అక్షరాల వరసలూ, ఒక్కొక్కటే దానికి చిక్కుకున్నాయి. గాలం దారం కూడా లైనే. "హుక్, లైన్ అండ్ సింకర్" అంటే ముల్లు, దారం, సీసం గుండుతో సహా మింగేసిందని. చెప్పిన అబద్ధాన్ని పూర్తిగా నమ్మేసినవాణ్ణి అలా అంటారు.

ఇంకో తమాషా. జాకెట్టుకి వేసే లైనింగ్ కూడా ఆ అవిసె నుంచే వచ్చింది. పూర్వం కోట్ల లోపలివైపు అవిసె నారబట్ట, అంటే లినెన్, వేసి కుట్టేవారట. ఆ పనికే లైన్ అన్న క్రియ పుట్టింది. గీతకీ దానికీ సంబంధం లేదు, చుట్టరికం మొక్క దగ్గరే. "జేబులకి లైనింగ్ వేసుకోవడం" అని ఇంగ్లీషువాడు అంటే అడ్డదారి డబ్బు కూడబెట్టుకోవడం. మా టైలరు జాకెట్టు కంటే లైనింగుకే ఎక్కువ తీసుకుంటాడు కాబట్టి ఈ ప్రయోగం నాకు చప్పున గుర్తుండిపోయింది.

మన తెలుగులో ఇన్ని పనులకి ఒక్క మాట లేదు. గీత వేరు, తీగ వేరు, బారు వేరు, వరస వేరు. పంక్తి అన్న సంస్కృతం మాటని మనం భోజనాల్లో కూర్చోబెట్టి బంతి చేసుకున్నాం. మొదటి బంతి, రెండో బంతి. "ఒకే బంతిలో వలపక్షం" అన్న మాట ఉంది చూడండి, పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకడికి నెయ్యి ధారగా, ఇంకొకడికి చుక్కగా వడ్డించడం. ఇంగ్లీషు లైన్‌లో నాకు ఇంత ఘాటైనది కనబడలేదు.

మా పక్కింటావిడ ఒడియా ఆవిడ. కరెంటు పోగానే గోడ మీంచి "లైన్ గలా!" అని కేకేస్తుంది. లైన్ పోయిందని. మేం కరెంటు అంటాం, ఆవిడ లైన్ అంటుంది, ఇంగ్లీషువాళ్లు పవర్ అంటారు. మూడూ ఇంగ్లీషు మాటలే, చీకటి ఒక్కటే. కొత్తలో ఆవిడ అలా అరిస్తే నాన్న కంగారుపడి, పట్టాలకేమైందోనని చెప్పులేసుకుని బయల్దేరబోయారు.

ఇక్కడ ఇంకో లైన్ ఉంది, కనబడనిది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీసిన గీత. మా ఊరు అటు పడింది, పాతపట్నం ఇటు. నేను ఒడిశాలో కూర్చుని అటూ ఇటూ తిరగేసి రాస్తున్నానని మీకు అనిపించొచ్చు, ఏం చేయను, తెలుగులో ఆలోచిస్తే దిక్కులు మారిపోతాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పారు. సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ గీత పడ్డాక ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. నోటితో అనేదే చేత్తో రాయాలని అంత పోట్లాడిన మనిషి, ఇప్పుడుంటే పిల్లల చేత "పంక్తి" అని కాకుండా "లైను" అనే రాయించేవారని నా నమ్మకం.

"డెడ్‌లైన్" చెప్పినప్పుడు మాత్రం క్లాసు నిశ్శబ్దం అయిపోయింది. 1864లో అమెరికా అంతర్యుద్ధంలో ఆండర్సన్‌విల్ అనే చోట ఖైదీల శిబిరం ఉండేది. ప్రహరీకి లోపల ఒక హద్దు కట్టారు. దాటినవాణ్ణి కాపలావాళ్లు కాల్చేయొచ్చు. అదే డెడ్‌లైన్. పరీక్ష ఫీజు కట్టే ఆఖరు తేదీకి ఇప్పుడు ఆ మాట వాడుతున్నాం. "దాటితే ఏటవుద్ది టీచర్?" అంది ఒక పిల్ల. ఫైన్ అన్నాను.

"టో ద లైన్" మీద ఎక్కువసేపు పోలేదు. కాలి బొటనవేలు గీతకి ఆనించి నిలబడటం, అంటే చెప్పినట్టు వినడం. తాడు కట్టి లాగే టో కాదని బోర్డు మీద రాశాను. సగంమంది మళ్లీ తాడే రాశారు.

చివరికి అందరినీ లైన్‌తో ఒక్కో సొంత వాక్యం రాసుకురమ్మన్నాను. మొన్న మన దింపెయ్ గుంటడు పుస్తకం తెచ్చాడు. "మై ఫాదర్ ఈజ్ ఆన్ ద లైన్" అని ఉంది. వాళ్ల నాన్న గ్యాంగ్‌మన్. కాగితాల్లో ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు గానీ, ఎండలో సుత్తి మోసుకుని నడిచే పని అదే.

"ఫోన్‌లో ఉన్నాడనా, పట్టాల మీద ఉన్నాడనా?" అన్నాను.

"రెండూ టీచర్. పట్టాల మీంచే ఫోన్ చేసేడు."

రైట్ కొట్టాను. ఆ వాక్యానికి మూడో అర్థం కూడా ఉంది, ప్రాణం పణంగా ఉందని. రాత్రి డ్యూటీకి నాన్న లాంతరు పట్టుకుని వెళ్తే అమ్మ వీధి తలుపు గడియ పెట్టేది కాదు. ఆ అర్థం వాడికి చెప్పలేదు. పుస్తకం మూసి ఇచ్చేసి, రేపు హోంవర్క్ మర్చిపోకు అన్నాను.