సైన్స్ ఫెయిర్‌కి విండ్ టన్నెల్: ముందు గాలిని దారిలో పెట్టండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్స్ ఫెయిర్ ఎక్కడ పెట్టినా ఒక బల్ల మీద థర్మాకోల్ రెక్క, దాని ముందు టేబుల్ ఫ్యాన్ ఉంటాయి. రెక్క పైకి లేస్తుంది, చప్పట్లు పడతాయి. ఎన్ని గ్రాములు మోసిందని జడ్జి అడిగితే మాత్రం పిల్లలు నేల చూపులు చూస్తారు. తప్పు రెక్కది కాదు. ఫ్యాన్ ముందుకు తోసే గాలి మెలి తిరుగుతూ వస్తుంది. ఫ్యాన్ రెక్కల అంచుల దగ్గర జోరుగా, మధ్యలో మోటారు ఎదురుగా నీరసంగా ఉంటుంది. ఆ గాలిలో తీసిన కొలత ఏదీ రెండోసారి అలాగే రాదు. మోడల్ రెక్క మీదుగా గాలిని తిన్నగా, ఒకే వేగంతో పంపే పెట్టెలాంటి సొరంగమే విండ్ టన్నెల్. ఫ్యాన్‌ని దాని వెనక్కి మార్చి, గాలిని లాగేలా పెడితే సగం పని అయినట్టే.

మోడల్ ఉండే గది 20 × 20 సెం.మీ., పొడవు 40 సెం.మీ. చాలు. ఒక పక్క యాక్రిలిక్ షీటు, మిగతా మూడు పక్కలూ ప్లైవుడ్. గాలి వచ్చే మూతి 50 × 50 సెం.మీ. అంటే వైశాల్యం 6.25 రెట్లు తగ్గుతుంది. ఈ సన్నబడే భాగమే మొత్తం టన్నెల్‌లో కష్టమైన వడ్రంగం. తిన్నటి పలకలతో గరాటులా కొట్టేస్తే చివర మూల దగ్గర గాలి గోడ వదిలేస్తుంది. పొడవు 60 సెం.మీ. తీసుకుని, మధ్యగీత నుంచి గోడ దూరం ఇలా గీయండి: మొదట్లో 25, 15 సెం.మీ. దగ్గర 23.4, 30 దగ్గర 17.5, 45 దగ్గర 11.6, చివర 10 సెం.మీ. ఈ వంపుకి ప్లైవుడ్ పక్కటెముకలు కోసి, వాటి మీద పల్చటి జి.ఐ. (జింకు పూసిన ఇనుప) రేకు పరిచి మేకులు కొట్టాలి. 4 మి.మీ. ప్లైవుడ్‌నే వంచాలని చూస్తే 30 నుంచి 45 మధ్యలో పగులుతుంది. గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి బొబ్బిలి వీణ చేసేవాళ్ళకి ఇలాంటి వంపు మంచినీళ్ళ ప్రాయం. మామూలు వడ్రంగికి మాత్రం ముందే అట్టతో నమూనా కోసి ఇవ్వడం మేలు.

మూతి దగ్గర తేనెపట్టులాంటి గూళ్ళు కావాలి. పుస్తకాల్లో స్ట్రాలు అని ఉంటుంది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం, కాగితం స్ట్రాలు మన సముద్రపు చెమ్మకి మెత్తబడి వంగిపోతాయి. ఫ్లెక్సీ షాపుల్లో బోర్డులకి వాడే 4 మి.మీ. సన్‌ప్యాక్ షీటు దీనికి భేషుగ్గా పనికొస్తుంది. లోపలి గొట్టాలు అడ్డంగా తెగేలా 4 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. పొడవు ముక్కలు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. సుమారు 125 ముక్కలు పడతాయి. 8 × 4 అడుగుల షీటు ఒకటి సరిపోతుంది. గూడు పొడవు దాని వెడల్పుకి పది రెట్లు ఉంటుంది కాబట్టి మెలి తిరిగే గాలి తిన్నబడుతుంది. మొద్దుబారిన బ్లేడుతో కోస్తే గూళ్ళ మూతులు నలిగి మూసుకుపోతాయి, మర్చిపోకండి.

గూళ్ళ వెనక 8 సెం.మీ. వదిలి కిటికీ దోమతెర ఒకటి బిగించండి. ఇక్కడ ఒక లెక్క చూసుకోవాలి. దారం మందాన్ని, ఒక దారం నుంచి పక్క దారానికి ఉన్న దూరంతో భాగించి, ఒకటిలోంచి తీసేసి, వర్గం చెయ్యండి. 0.58 కన్నా తక్కువ వస్తే ఆ తెర వద్దు. కన్నాల్లోంచి వచ్చే చిన్న చిన్న ధారలు ఒకదానితో ఒకటి అతుక్కుని గాలిని ఇంకా పాడు చేస్తాయి. తెర తర్వాత 20–25 సెం.మీ. ఖాళీ, ఆ తర్వాతే వంపు మొదలవ్వాలి.

వెనకవైపు 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్. గది నుంచి ఫ్యాన్ దాకా వెడల్పయ్యే భాగం కనీసం మీటరు పొడవు ఉండాలి, అప్పుడు ఒక్కో గోడ 3 డిగ్రీల లోపే వాలుతుంది. చోటు లేదని కురచ చేస్తే గాలి గోడ వదిలి సుడి తిరుగుతుంది, మోడల్ దగ్గర వేగం ఊగిపోతుంది. ఫ్యాన్ పెట్టె మీద గంటకి 1,800 ఘనపు మీటర్లు అని ఉంటే లెక్క ప్రకారం గదిలో సెకనుకి 12.5 మీటర్లు రావాలి. అది అడ్డేమీ లేనప్పటి మాట. గూళ్ళు, తెర పెట్టాక 8 నుంచి 10 మధ్య వస్తే మంచి టన్నెలే.

వేగాన్ని కొలవడానికి కొనాల్సిందేమీ లేదు. తెర వెనక గోడకి ఒకటి, మోడల్ కన్నా ముందు గది గోడకి ఒకటి, 1 మి.మీ. రంధ్రాలు వెయ్యండి. లోపలి అంచున పొట్టు మిగిలితే రీడింగు తప్పుతుంది, ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దాలి. తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపుని మీటరు పలక మీద పరిచి, పలక ఒక కొస 10 సెం.మీ. ఎత్తండి. కింది కొస వెడల్పాటి సీసాలోని రంగు నీళ్ళలోకి వెళ్ళాలి. సీసా మూత నుంచి మొదటి రంధ్రానికి, పైపు పై కొస నుంచి రెండో రంధ్రానికి సెలైన్ గొట్టాలు కలపండి. సెకనుకి 10 మీటర్ల గాలికి నీళ్ళు నిలువునా పెరిగేది 6 మి.మీ. కూడా ఉండదు, వాలు పైపులో మాత్రం 57 మి.మీ. పాకుతాయి, స్కేలుతో హాయిగా చదవొచ్చు. నీళ్ళలో గిన్నెల సబ్బు ఒక చుక్క వెయ్యకపోతే పైపు గోడకి పట్టుకుని ఆగిపోతాయి.

ప్రతి రీడింగు పక్కనా ఈ నీటి మట్టం రాయాలి. ఊళ్ళో సాయంత్రం వోల్టేజీ పడితే ఫ్యాన్ తిరుగుడు తగ్గుతుంది. మే నెల 40 డిగ్రీల గాలి, డిసెంబరు 18 డిగ్రీల గాలి కన్నా సుమారు 7 శాతం పల్చన. రెక్క మోసే బరువుని ఈ నీటి మట్టం చూపే పీడనంతోనే భాగిస్తే ఆ తేడాలన్నీ కొట్టుకుపోతాయి. కళింగపట్నం, బారువ వైపు బడుల్లో అయితే మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలవ్వక ముందే పని ముగించుకోండి. కిటికీలోంచి ఒక్క విసురు వచ్చినా మూతి దగ్గర తెలిసిపోతుంది.

8 సెం.మీ. వెడల్పు, 16 సెం.మీ. పొడవు రెక్క ఈ గాలిలో, ఒక మాదిరి కోణంలో 38 గ్రాముల దాకా మోస్తుంది. వెనక్కి లాగే బలం మూడు నాలుగు గ్రాములే. కూరగాయల తక్కెడ చాలదు, 0.1 గ్రాము చూపించే కంసాలి డిజిటల్ కాటా కావాలి. గదిలో పీడనం బయటికన్నా తక్కువ కాబట్టి రెక్కని కాటాకి కలిపే ఊచ దూరే కన్నంలోంచి గాలి పైకి చిమ్మి రెక్కకి తగులుతుంది. కాటాని గది కింద గాలి చొరబడని పెట్టెలో పెట్టెయ్యండి. కోణం 10 డిగ్రీలు దాటనివ్వొద్దు, ఆపైన రెక్కే దారికి అడ్డమైపోతుంది.

గాలి నిజంగా తిన్నగా వస్తోందా అని చూడటానికి మంచి పరీక్ష ఉంది. పైనా కిందా ఒకేలా ఉండే రెక్కని మామూలుగా ఒకసారి, తిరగేసి ఒకసారి పెట్టి, బరువు సున్నా అయ్యే కోణాలు రాసుకోండి. రెండింటికీ తేడా వస్తే అందులో సగం మీ గాలి వాలు. పెద్ద కేంద్రాల్లోనూ మోడల్ కన్నా ముందు గాలినే కొలుస్తారు. తిరువనంతపురంలో విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం 2017లో ప్రారంభించిన మీటరు వ్యాసం హైపర్‌సోనిక్ (ధ్వనికి ఐదు రెట్లు మించిన వేగాల) టన్నెల్ లాంటివాటికీ ఆ మెట్టు తప్పదు.

ఇంత చేశాక కూడా మీ అంకెలు పుస్తకంలో నాకా 0012 అనే ప్రామాణిక రెక్క ఆకారానికి ఇచ్చిన పట్టికతో కలవవు. కంగారు పడొద్దు. గాలి వేగం, సాంద్రత, రెక్క వెడల్పు పెరిగితే పెరిగి, గాలి జిగట పెరిగితే తగ్గే రేనాల్డ్స్ సంఖ్య ఈ టన్నెల్‌లో 50,000 దగ్గర ఉంటుంది, పట్టికలు లక్షల్లో తీసినవి. చిన్న మోడల్‌కీ పెద్ద విమానానికీ ఉన్న ఈ దూరాన్ని తగ్గించడానికే అమెరికాలోని లాంగ్లీ విమాన పరిశోధన కేంద్రం 1920ల్లో టన్నెల్‌ని ఉక్కు తొట్టిలో పెట్టి, గాలిని మామూలు వాతావరణ పీడనానికి 20 రెట్లు నొక్కింది. 1901లో రైట్ సోదరులు 16 అంగుళాల చెక్క పెట్టెలో, సైకిల్ చువ్వలూ హాక్సా బ్లేడ్లతో చేసిన తక్కెడ మీద సుమారు 200 రెక్కలు పరీక్షించారు. వాళ్ళకి పల్చటి వంపు రెక్కలే మెరుగ్గా కనిపించడానికి ఒక కారణం ఈ తక్కువ సంఖ్యే. కాబట్టి మీరూ లావు రెక్క పక్కన పల్చటి వంపు రేకు ముక్కని పెట్టి చూడండి. ఎక్కువసార్లు రేకుదే పైచేయి అవుతుంది, ఫెయిర్‌లో చూపించడానికి దానికన్నా మంచి గ్రాఫు లేదు.

ఫ్యాన్ ముందు కోళ్ళ గూటి జాలీ బిగించకుండా స్విచ్ వెయ్యొద్దు. ఊచ నుంచి ఊడిన రెక్క సూటిగా ఫ్యాన్‌లోకే పోతుంది.