మూడు పేజీలు కొట్టేశాక మొదలైన కథ

నా మొదటి కథ 14 పేజీలు వచ్చింది. పూర్తిచేసిన రాత్రే ఓ పత్రికకు పంపేశాను. మూడు నెలలైనా జవాబు లేదు. ఆ మూడు నెలలూ కొత్తగా ఒక్క వాక్యం రాయలేదు. రోజూ టెన్షన్‌గా మెయిల్ చూసుకోవడమే సరిపోయింది.

ఆఖరికి ఒక రోజు తలుపేసుకుని ఆ కథను పైకి చదివాను. మూడో వాక్యం దగ్గరే నాలుక తడబడింది. 'ఆమె యొక్క బాధ అతని చేత గమనించబడింది' అని రాశాను. ఇలా ఎవరు మాట్లాడతారు? 'ఆమె బాధ అతని కంటపడింది' అంటే చాలు కదా! అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి తెలిసింది. తల్లి, కొడుకు, పొరుగింటి ముసలాయన అందరిదీ ఒకటే గొంతు. పోనీ, అది నా గొంతా అంటే అదీ కాదు. నేను పదే పదే చదివే ఓ రచయితది. ఆ రోజు చాలా బాధేసింది.

అప్పటినుంచి చదివే తీరు మార్చాను. ప్రతి మంచి కథనూ రెండుసార్లు చదివేవాణ్ణి, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. సన్నివేశం ఎక్కడ ఆపారు? 'కోపం' అనే మాట లేకుండానే కోపం ఎలా తెలిసింది? నచ్చిన పేరాలను నోటుబుక్కులో ఎక్కించుకునేవాణ్ణి. చేత్తో రాస్తుంటేనే 'మాత్రం', 'కదా', 'లే' లాంటి చిన్న మాటలు ఎంత బరువు మోస్తాయో తెలిసింది. ఒక్కరి నీడే పడకుండా, ఒకరితో ఒకరికి పోలిక లేని నలుగురు రచయితలను కలిపి చదివాను.

నెల్లాళ్లు పక్కన పెట్టి కథ మళ్లీ తీశాను. మొదటి మూడు పేజీల్లో వాన, ఆ కుటుంబం పూర్వాపరాలు తప్ప ఏమీ లేదు. కొట్టేశాను. కొడుకు తలుపు తట్టే చోట కథ మొదలైంది. నాలుగుసార్లు తిరగరాస్తే 8 పేజీలైంది. అప్పుడు ఫ్రెండ్‌కిచ్చి, 'ఎక్కడ బోర్ కొడితే అక్కడ గీత పెట్టు' అన్నాను. 'ఎలా ఉంది' అని అడిగితే, మనసు నొప్పించడం ఇష్టం లేక బాగుందనే అంటారు. ఆమె రెండు చోట్ల గీత పెట్టింది. అందులో ఒకటి నాకు ప్రాణమైన పేరా. దాన్ని వదులుకోవడానికి రెండు రోజులు పట్టింది. తీసేశాక చూస్తే, అక్కడ ఏదో ఉండేదన్న ఆనవాలే లేదు.

సొంత కథ అని, అనువాదం కాదని, వేరెక్కడా పరిశీలనలో లేదని హామీ రాసి ఇంకో పత్రికకు పంపాను. మర్నాడే రెండో కథ మొదలుపెట్టాను. ఆఫీసుకు వెళ్లేలోపు పొద్దున్నే ఒక గంట. కొన్ని రోజులు రెండు వాక్యాలే వచ్చేవి, వాటినే పైకి చదువుకుని లేచేవాణ్ణి.

ఐదో నెలలో మెయిల్ వచ్చింది. కథ తీసుకున్నారు, పేరు మాత్రం మారుస్తామన్నారు. సరేనన్నాను. ఆ మెయిల్‌ను ఎన్నిసార్లు చదివానో! అప్పటికి రెండో కథ తొమ్మిదో పేజీలో ఉంది. ఇల్లు వదిలి వెళ్లాలా వద్దా అని అందులో కూతురు ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.