చెస్ట్‌నట్ వీధిలో రాజ్యాంగం

అమెరికా రాజ్యాంగాన్ని నడిచి అర్థం చేసుకోగల చోటు ఒకటుంది. ఫిలడెల్ఫియాలో చెస్ట్‌నట్ వీధి మీద, ఐదో వీధికీ ఆరో వీధికీ నడుమ. మధ్యలో ఇండిపెండెన్స్ హాల్, దానికి పడమట కాంగ్రెస్ హాల్, తూర్పున ఓల్డ్ సిటీ హాల్. రాజ్యాంగం రాసిన గది, దాని ప్రకారం చట్టసభ నడిచిన భవనం, సుప్రీంకోర్టు కూర్చున్న భవనం ఒకే వరసలో ఉన్నాయి. లిబర్టీ బెల్ దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు పోగొట్టుకునేది దీన్నే.

ముందు టికెట్ సంగతి. ఇండిపెండెన్స్ హాల్ ప్రవేశం ఉచితమే గానీ, ఏడాదిలో ఎక్కువ నెలలు సమయం వేసిన టికెట్ ఉండాలి. దాన్ని ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. మేం వెళ్ళినప్పుడు రిజర్వేషన్ రుసుము టికెట్‌కు ఒక డాలరు. వేసవిలో అప్పటికప్పుడు దొరకడం కష్టం. ఐదో వీధివైపున్న భద్రతా తనిఖీ దాటితేనే లోపలికి పంపుతారు. టికెట్ మీది సమయానికి వచ్చి తనిఖీ వరసలో నిలబడితే మన బృందం వెళ్ళిపోతుంది, అరగంట ముందే చేరాలి. ఒకసారి బయటికొస్తే మళ్ళీ తనిఖీ తప్పదు. అందుకని లోపలి భవనాలన్నీ చూసుకున్నాకే బయటపడటం మంచిది.

ఇండిపెండెన్స్ హాల్‌లో రాజ్యాంగం రాసిన అసెంబ్లీ గది అనుకున్నదానికన్నా చిన్నది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, వాటికి ఎదురుగా కాస్త ఎత్తున జార్జ్ వాషింగ్టన్ కుర్చీ. ఆ కుర్చీ అసలుదే, వీపు మీద సగం సూర్యుడు చెక్కి ఉంటుంది. 1787 మే 25 నుంచి సెప్టెంబరు 17 దాకా రాజ్యాంగ రచనా సమావేశం ఇక్కడ సాగింది. 12 రాష్ట్రాల నుంచి 55 మంది వచ్చారు, రోడ్ ఐలండ్ ఎవరినీ పంపలేదు. మాట బయటికి పొక్కకూడదని ఎండాకాలంలో కూడా కిటికీలు మూసి ఉంచారు. ఎంతమంది వచ్చినా రాష్ట్రానికి ఒకటే ఓటు. ఈ పద్ధతి తెలిస్తే సెనేట్ ఎలా పుట్టిందో తెలుస్తుంది. జనాభా లెక్కన ప్రాతినిధ్యం కావాలని పెద్ద రాష్ట్రాలు, సమానంగా ఉండాలని చిన్నవి పట్టుబట్టాయి. ప్రతినిధుల సభలో జనాభా, సెనేట్‌లో సమానత్వం అన్న రాజీ జులై 16న 5–4 తేడాతో గట్టెక్కింది, మసాచుసెట్స్ ఓటు రెండుగా చీలింది. దక్షిణాది సీట్ల కోసం బానిసల సంఖ్యలో ఐదింట మూడు వంతులు లెక్కలో చేర్చిందీ ఆ రాజీయే. గది చూపించి వివరించే పార్కు ఉద్యోగి, రేంజర్, మాటలు పూర్తయ్యేసరికి వెనక మరో బృందం సిద్ధంగా ఉంటుంది, ఈ లెక్కలు ముందే తెలుసుకుని వెళ్తే ఆ కొద్ది నిమిషాలూ దక్కుతాయి.

మేం ఎక్కువసేపు ఆగింది కాంగ్రెస్ హాల్‌లో. 1790 నుంచి 1800 దాకా చట్టసభ ఇక్కడే నడిచింది. కింద ప్రతినిధుల సభ, మేడ మీద సెనేట్. అధికార విభజన కాగితం మీంచి దిగి పనిచేసింది ఈ గదుల్లోనే. బ్రిటన్‌తో జే ఒప్పందానికి సెనేట్ ఆమోదం వచ్చాక, 1796 మార్చిలో ఆ చర్చల పత్రాలు ఇమ్మని కింది సభ అడిగింది. ఒప్పందాలు అధ్యక్షుడూ సెనేటూ చూసుకోవలసినవని అప్పటి అధ్యక్షుడు వాషింగ్టన్ నిరాకరించారు. కానీ అమలుకు డబ్బు మంజూరు చెయ్యాల్సింది కింది సభే. ఏప్రిల్ 30న 51–48తో మంజూరైంది. ఎవరి చేతిలో ఏముందో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి మాకు కనిపించలేదు. మరుసటి ఏడాది మార్చి 4న ఇదే కింది గదిలో జాన్ ఆడమ్స్ అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. వాషింగ్టన్ దిగిపోయారు.

ఓల్డ్ సిటీ హాల్ 1791 నుంచి 1800 వరకు సుప్రీంకోర్టుకు నెలవు. ఒక రాష్ట్రం పౌరుడు మరో రాష్ట్రం మీద దావా వెయ్యొచ్చని 1793లో చిజమ్ కేసులో తీర్పొచ్చింది. రాష్ట్రాలు ఉలిక్కిపడ్డాయి. 1795లో పదకొండో సవరణ ఆ దారి మూసేసింది. అలాంటి తీర్పును చట్టసభలు మార్చాలంటే రాజ్యాంగాన్నే సవరించాలి, దానికి రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు, రాష్ట్రాల్లో నాలుగింట మూడు వంతులు కావాలి. కోర్టుల అధికారం గురించిన ఈ ప్రశ్న మనకూ ఎదురైంది. మన రాజ్యాంగ సలహాదారు బెనెగల్ నరసింగరావు 1947లో అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసి వచ్చాక, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణనిచ్చే మన 21వ అధికరణంలో, అమెరికా ‘డ్యూ ప్రాసెస్’కు బదులు ‘చట్టం నిర్దేశించిన ప్రక్రియ’ అన్న మాట స్థిరపడింది. కోర్టుల చేతికి ఎంత అధికారమివ్వాలన్నదే అక్కడ ప్రశ్న.

ఆరో వీధి, మార్కెట్ వీధి మూలన అధ్యక్షుడి ఇల్లు ఉండేది. వాషింగ్టన్ అక్కడ తొమ్మిదిమంది బానిసలను ఉంచారు. పరాయి రాష్ట్రంవాళ్ళ బానిసలు ఆర్నెల్లు ఉంటే స్వేచ్ఛ పొందవచ్చని పెన్సిల్వేనియా చట్టం. ఆ గడువు నిండకముందే వాళ్ళను రాష్ట్రం దాటించి తెచ్చేవారు. పారిపోయినవాళ్ళను పట్టి అప్పగించే 1793 చట్టం కాంగ్రెస్ హాల్‌లోనే పాసైంది, సంతకం వాషింగ్టన్‌ది. ఆ తొమ్మిదిమందిలో ఒకరైన ఓనా జడ్జ్ 1796లో ఆ ఇంటినుంచి తప్పించుకుంది, ఎన్నడూ పట్టుబడలేదు. ఈ చోటు చూడకుండా పర్యటన ముగించకూడదు.

ఆర్చ్ వీధిలోని నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌కు టికెట్ కొనాలి. కొన్ని రోజులు మూసి ఉంచడం ఉంది కనుక ముందే చూసుకోవాలి. సమయం తక్కువైతే అందులోని సైనర్స్ హాల్‌కే వెళ్ళండి. మనిషెత్తు కంచు విగ్రహాలు 42, సంతకం చేసిన 39 మందివి, చెయ్యని ముగ్గురివి. జార్జ్ మేసన్, ఎడ్మండ్ రాండోల్ఫ్, ఎల్బ్రిడ్జ్ గెరీ. ఈ విగ్రహాల మధ్య నడవొచ్చు. మేసన్ అభ్యంతరాల్లో మొదటిది, హక్కుల ప్రకటన లేదన్నది. అది 1791 డిసెంబరు 15న పది సవరణలుగా వచ్చి చేరింది.