అబూ సమ్రా దగ్గర ఆగిన పాల లారీ

మాది పర్లాకిమిడి. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం. ఒడిశాలో ఉన్నామన్న సంగతి రేషన్ కార్డు మీద ఒడియా అక్షరాలు చూసినప్పుడే గుర్తొస్తుంది. మాకు సరిహద్దంటే అంతే.

అది మూసేస్తే ఎలా ఉంటుందో 2017లో దోహాలో చూశాను. అక్కడ లేబర్ క్యాంపు మెస్‌లో స్టోర్‌కీపర్ని. రంజాన్ నెల, జూన్ 5. సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఖతార్‌కి నేల దారి ఒక్కటే, సౌదీ వైపు, అబూ సమ్రా దగ్గర. మా పాలు, లబాన్ అనే అరబ్బు మజ్జిగ, పెరుగు ఆ దారినే రావాలి. మర్నాడు లారీ రాలేదు. నేను బియ్యం బస్తాలు రెండుసార్లు లెక్కపెట్టాను, లెక్కపెడితే పెరుగుతాయన్నట్టు. అమ్మ ఫోను: "యుద్ధమొస్తాదంట కదరా, వచ్చీరా నాన్నా."

రెండు వారాలు దాటాక ఆ నాలుగు దేశాల నుంచి ఖతార్‌కి 13 షరతులు వచ్చాయి. ఖతార్ వార్తా ఛానెల్ అల్ జజీరా మూసెయ్యాలి, టర్కీ సైనిక స్థావరం ఎత్తెయ్యాలి, ఇంకా ఏవేవో. గడువు పది రోజులు. ఆ రాత్రి రూములో సౌదీని తిట్టిపోశాను. చిన్న దేశమని పీక నొక్కుతారా అని.

పక్క మంచం కుర్రాడిది నేపాల్‌లో గోర్ఖా జిల్లా. నన్ను దాయ్ అనేవాడు, అంటే అన్నయ్య. "2015లో మీవాళ్లు మాకు చేసిందేమిటి దాయ్?" అన్నాడు.

ఆ ఏప్రిల్ భూకంపానికి వాళ్ల ఇల్లు కూలింది. సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం రాగానే బీహార్ సరిహద్దులో రక్సౌల్ దగ్గర నేపాల్ వెళ్లే లారీలు ఆగిపోయాయి. పెట్రోలు, గ్యాసు మన దేశం నుంచే కదా వెళ్లేది. చైనా వైపు రోడ్లు భూకంపానికి పాడయ్యాయి. రేకుల షెడ్డులో, చలికాలంలో, సిలిండరు లేక వాళ్లమ్మ తడి కట్టెలతో వండిందట. మేం ఆపలేదు, ఆ రాజ్యాంగం నచ్చని మధేసీల, అంటే నేపాల్ దక్షిణ మైదానాలవాళ్ల, ఆందోళన వల్ల ఆగాయి అని మన ప్రభుత్వం అన్న మాటే నేనూ అన్నాను. మధేసీల గోడు అబద్ధమేమీ కాదు, ఆ గొడవల్లో మనుషులు చచ్చిపోయారు. కుర్రాడు వాదించలేదు. "సౌదీవాళ్లూ ఏదో కారణం చెబుతున్నారుగా" అని అటు తిరిగి పడుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ నెలల్లో నేపాల్ సంగతి నేను పేపర్లో కూడా చదవలేదు. మా వీధికి గ్యాస్ బండి టైముకే వచ్చేది.

ఖతార్‌కి డబ్బుంది, గట్టెక్కింది. టర్కీ పాలు విమానాల్లో దిగాయి. ప్యాకెట్ మీద రాసింది అర్థంకాక, ఏది పాలో ఏది మజ్జిగో కుర్రాడే వాసన చూసి చెప్పేవాడు. జులైలో ఏకంగా ఆవులనే విమానమెక్కించి తెచ్చారు.

2021 జనవరిలో అబూ సమ్రా తెరిచారు. అప్పటికి నేను ఊరొచ్చేశాను. కుర్రాడు మెస్ నుంచి పాల క్రేట్ల ఫోటో పంపాడు, ఖతార్ డెయిరీవే. కింద ఒక ముక్క రాశాడు: "లారీలు వస్తున్నాయి దాయ్. మనం మాత్రం ఇవే కొంటున్నాం."